పుట్టబోయేవారి ప్రతినిధి

సబ్ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసిన పోలిశెట్టి వరహాలరావుకు ఆ వేసవిలో, ఇంకా పుట్టని మనిషి తరఫున మాట్లాడే ఉద్యోగం దొరికింది. జీతం లేదు. బల్ల మీద పేరు చెక్కిన పలక, కమిటీ కూర్చున్న రోజున కాఫీ, జీడిపప్పు బిస్కట్లు, అంతే. రిటైరైన దగ్గర్నుంచి ఆయన్ని సంతకం అడిగినవాడు కొరియర్ కుర్రాడొక్కడే. అందుకని మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

"ఎవరి తరఫునన్నారూ?" అంది ఆయన భార్య పాపాయమ్మ, బీరకాయల చెక్కు తీస్తూ.

"పుట్టబోయేవాళ్ళ తరఫున."

"ఈ ఇంట్లో పుట్టినవాళ్ళ తరఫునే ఒక్కనాడూ నోరు మెదపలేదు మీరు. అలవాటు లేని పని, జాగ్రత్త."

వరహాలరావు ఈ వ్యాఖ్యను రికార్డులోకి తీసుకోలేదు.

ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పాలి. గోదావరి పక్కన ఒక పట్నంలో ప్రభుత్వం వారి రక్తవ్యాధుల సంస్థ ఉంది. అందులో పిల్లల వైద్యురాలు సునయన. తలసీమియా లాంటి జబ్బులున్న పిల్లలకు తోడబుట్టినవాళ్ళ మూలుగ సరిపడితే, దాన్ని ఎక్కించి జబ్బు నయం చేయడం ఆమె పని. అయితే కొత్త మూలుగ ఎక్కించేముందు పాతదాన్ని తుడిచిపెట్టే మందులివ్వాలి. ఆ మందుల ధాటికి జబ్బుతో పాటు, పెద్దయ్యాక బిడ్డల్ని కనే శక్తీ చాలామందికి పోతుంది. చిన్నపిల్లాడి ఒంట్లో ఇంకా విత్తనమే తయారు కాదు. కాబట్టి మందుల గొట్టం అమర్చడానికి ఎలాగూ మత్తు ఇస్తారు గనక, అదే మత్తులో వృషణంలోంచి చిన్న ముక్క తీసి, లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిపెడతామని సునయన కోరింది. ఇరవై ఏళ్ళకు శాస్త్రం ముందుకు వెళితే ఆ ముక్క పనికిరావచ్చు. రాకపోనూవచ్చు. తల్లిదండ్రులకు ఆమె ఈ మాట దాచకుండా చెప్పేది. "హామీ కాదమ్మా, తలుపు మూసేయకుండా ఓరగా ఉంచడం" అనేది.

దాతలెవరో ఆ ముక్కలు దాచే ట్యాంకు కొనిచ్చారు. డైరెక్టరు ప్రభంజనరావు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. ట్యాంకు వచ్చాక కమిటీ రావడం ఆ సంస్థలో ధర్మం. కమిటీ వచ్చాక న్యాయ సలహాదారు మృత్యుంజయం రాకుండా ఉండడు. ఆయన నియమాలన్నీ తిరగేసి ఒక వాక్యం పట్టుకున్నాడు: "ఏ ప్రక్రియ అయినను, దానివలన ప్రయోజనము పొందు వ్యక్తి యొక్క సమ్మతి లేనిదే జరుపరాదు."

"ప్రయోజనం ఎవరికి?" అని అడిగాడు మృత్యుంజయం.

"పిల్లవాడికండీ. తల్లిదండ్రులు సంతకం పెడతారు" అంది సునయన.

"పిల్లవాడికి జబ్బు నయం చేసేది మూలుగ కదా? ఈ ముక్క వల్ల వాడికి ఒరిగేదేమిటి? పుట్టబోయే బిడ్డ పుట్టడమే దీని ప్రయోజనం. కనుక ప్రయోజనం పొందు వ్యక్తి ఆ బిడ్డ. సమ్మతి ఇవ్వవలసిందీ ఆ బిడ్డే."

తప్పు ఎక్కడుందో అందరికీ తెలుసు గానీ, దాన్ని పట్టుకుంటే మళ్ళీ మొదటినుంచి చర్చించాల్సి వస్తుంది. భోజనాల వేళ దాటిపోతోంది. "చాలా లోతైన అంశం" అన్నాడు డైరెక్టరు. ఆ బిడ్డ అందుబాటులో లేడు కాబట్టి ప్రతినిధిని వేయాలని తీర్మానించారు. అలా వరహాలరావు వచ్చాడు.

మొదటి కేసు తాతాజీది. వాడికి తొమ్మిదేళ్ళు. ముత్తాత పేరు పెట్టడంతో పుట్టగానే తాత అయిపోయాడు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కితేనే నిలబడతాడు. వాడి చెల్లెలి మూలుగ వాడికి సరిపడింది. తండ్రి సూరిబాబు గూడ్సు ఆటో మీద కొబ్బరికాయలు తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతాడు. తల్లి వీరవేణి జాకెట్లు కుట్టుకుంటూనే ఆసుపత్రి పనులన్నీ చూసుకుంటుంది.

మొదటి సమావేశంలో వరహాలరావు పెన్ను టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళపాటు అమ్మేవాడి పేరు, కొనేవాడి పేరు, సరిహద్దులు లేకుండా ఒక్క కాగితాన్నీ గడప దాటనివ్వని మనిషి ఆయన.

"నా కక్షిదారు వివరాలు కావాలి. తండ్రి పేరు తాతాజీ. బాగానే ఉంది. తల్లి పేరో?"

సునయన ఆయన వంక చూసింది. "తండ్రికి తొమ్మిదేళ్ళండీ."

"వయసు అడగలేదమ్మా. తల్లి పేరు అడిగాను. తల్లి ఎవరో తెలియకుండా బిడ్డ తరఫున సమ్మతి ఇస్తే, రేపు ఆవిడ వచ్చి నా బిడ్డ సంగతి నన్నడక్కుండా ఎలా తేల్చారంటే ఈ కమిటీ ఏం చెబుతుంది?"

మృత్యుంజయం కుర్చీలో ముందుకు జరిగాడు. తన స్థాయికి తగిన మనిషి దొరికాడని ఆయన ముఖంలోనే తెలిసిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వీరవేణిని లోపలికి పిలిచారు.

"మీ అబ్బాయి భార్య పేరు చెప్పమ్మా" అన్నాడు వరహాలరావు.

"ఆయ్?" అంది వీరవేణి.

"కాబోయే భార్య."

"బాబుగోరూ, మావోడు నిక్కరు గుండీ కూడా సొంతంగా పెట్టుకోలేడండి. ఆడి పెళ్ళాం పేరడిగితే నేనేం చెప్పేదండి?"

"తెలియదు అని రాసుకోండి" అన్నాడు డైరెక్టరు.

తెలియని వ్యక్తికి నోటీసు ఇవ్వాలంటే పత్రికలో వేయడం పద్ధతి. పద్ధతి చెప్పింది వరహాలరావే. నోటీసు ముసాయిదా కూడా ఆయనే, ఎంతో ఇష్టంగా, కొట్టివేతలు లేకుండా రాశాడు:

"సమస్త జనులకు తెలియజేయడమేమనగా, మాస్టర్ తా. అను బాలునికి భవిష్యత్తులో కలుగబోవు సంతానమునకు తల్లి కాగలవారు గాని, కాగలమని భావించువారు గాని, తమ అభ్యంతరములను పదిహేను దినములలోగా తెలుపవలెను. గడువు మీరిన పిమ్మట వచ్చు భార్యల అభ్యంతరములు స్వీకరింపబడవు."

బాలుడి గోప్యత కాపాడాలని మృత్యుంజయం పట్టుబట్టడంతో పేరు పొడి అక్షరంలోకి కుదించారు. అభ్యంతరాలు పంపడానికి వీలుగా ఇంటి నంబరు, వీధి మాత్రం పూర్తిగా వేశారు.

నోటీసు పడ్డ మర్నాడే వీరవేణి ఇంటికి పెళ్ళిళ్ళ పేరయ్య ఒకడు వచ్చాడు. ప్రభుత్వమే ప్రకటన ఇచ్చి సంబంధం వెతుకుతోందంటే పిల్లవాడు సామాన్యుడై ఉండడని ఆయన లెక్క. కిందటేడు పుట్టిన ఆడపిల్ల తండ్రి ఒకాయన, తమకు అభ్యంతరం లేదని, అయితే అబ్బాయికి పొలం ఎంతో తెలపాలని కార్డు రాశాడు. ఒక డిగ్రీ చదివిన అమ్మాయి అది ఉద్యోగ ప్రకటన అనుకుని ఫొటోలు జతచేసి పంపింది.

ఆ తర్వాత బాల్యవివాహాల నిరోధక అధికారి జీపు దిగాడు.

"పందిరి ఎక్కడ?" అన్నాడు.

"పందిరేంటండి?"

"మాకు సమాచారం ఉంది. తొమ్మిదేళ్ళ బాలుడికి భార్యను కోరుతూ ప్రకటన. పెళ్ళికూతుర్ని ఎక్కడ దాచారు?"

ఇంట్లో ఉన్న ఆడపిల్ల తాతాజీ చెల్లెలొక్కర్తే. జీపును చూసి అది కుట్టుమిషను కింద దూరింది. దాన్ని బయటికి లాగి పేరడిగితే ఏడుపు తప్ప సమాధానం రాలేదు. పిల్ల భయపడిన తీరు అనుమానాస్పదంగా ఉందని రాసుకుని, వీధివీధంతా చూస్తుండగా పంచనామా చేసి, పెళ్ళి చేయబోమని వీరవేణి చేత వేలిముద్ర వేయించుకుని వెళ్ళాడు. ఆమెకు సంతకం వచ్చు. కానీ ఆ కాగితం వేలిముద్ర కోసం అచ్చువేసింది.

మర్నాడు ఆమె పత్రిక మడిచి చంకలో పెట్టుకుని వరహాలరావు ఇంటికి వచ్చింది. పాపాయమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఇది మీరే రాశారంట కదండి?"

"నేనే. పద్ధతి ప్రకారమే ఉంది" అన్నాడాయన. మెచ్చుకోవడానికి వచ్చిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా.

"బాగుందండి మీ పద్ధతి. మా ఈధిలో పిల్లలందరూ ఆణ్ణి పెళ్ళికొడకా అని పిలుత్తున్నారండి. ఆడికి జబ్బని మా అత్తోరి ఊరోళ్ళకి తెలీదండి, కింద ఆసుపత్రి పేరుండేసరికి ఇప్పుడు తెలిసిపోయింది. అదీ పర్లేదు. వచ్చే సోమారం మందులెక్కిత్తారంట. ఎక్కిన తర్వాత తియ్యడానికి ఏం మిగలదని డాక్టరమ్మ చెప్పిందండి. ఆడు బతికి బట్టకట్టాలని మూలుక్కి ఒప్పుకున్నాం. పెద్దయ్యాక, అమ్మా నాకు పిల్లల్లేకుండా ఎందుకు చేశావని అడిగితే, ఫలానా ఆఫీసులో నీ పెళ్ళాం పేరడిగారయ్యా, చెప్పలేకపోయానయ్యా అని చెప్పనాండి?"

రిజిస్ట్రారాఫీసులో ఇలాంటప్పుడు వరహాలరావు 'రేపు రండి' అనేవాడు. ఇక్కడ పత్రిక అందుకుని, తను రాసిన నోటీసు మళ్ళీ చదువుకున్నాడు.

"ఆణ్ణి ఒక్కసారైనా చూశారాండి?" అని అడిగింది వీరవేణి.

చూడలేదు.

ఆమె వెళ్ళాక పాపాయమ్మ కుర్చీ తీసి లోపల పెట్టింది. ఏదో ఒకటి అంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే వార్డుకు వెళ్ళాడు. రక్తం ఎక్కించుకోవడానికి వచ్చిన తాతాజీ మంచం మీద కూర్చుని, సూది ఉన్న చెయ్యి కదలకుండా రెండో చేత్తో ఇత్తడి బొంగరానికి తాడు చుట్టాలని చూస్తున్నాడు. వయసుకు పొట్టి. ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం హుషారుగా ఉన్నాయి.

"మీరెవరండీ?"

వరహాలరావు తన హోదా ఎలా చెప్పాలో ఆలోచించాడు. "నేను... నీ కొడుకు తరఫు మనిషిని."

వాడు నవ్వలేదు. తాడు పక్కన పెట్టి, చాలా పెద్దరికంగా అడిగాడు. "ఏమంటన్నాడండి ఆడు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"ఆడికీ నాలాగ రగతం ఎక్కించాలాండి?"

ఈ ప్రశ్న కమిటీలో ఎవరికీ తట్టలేదు. పక్క మంచం దగ్గరున్న సునయన విని వచ్చింది. "నువ్వు పెళ్ళి చేసుకునే అమ్మాయికి ముందే రక్తపరీక్ష చేయించి, ఆ అమ్మాయిలో ఈ దోషం లేకపోతే, నీ పిల్లలకు ఈ జబ్బు రాదురా. సూదులుండవు."

తాతాజీ వరహాలరావు చొక్కా అంచు పట్టుకుని దగ్గరికి లాగి, రహస్యంగా చెప్పాడు. "అయితే ఆడికి చెప్పండి. సూదులుండవంట, భయపడొద్దని. ఆడు రావచ్చని."

సర్వీసు మొత్తంలో వరహాలరావు ఎందరి మాటలో కాగితం మీద పెట్టాడు. ఎవరి మాటనూ ఇంకొకరికి చేరవేయలేదు. ఆయన అక్కడే స్టూలు మీద కూలబడి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ తర్వాత చేతకాకపోయినా బొంగరానికి తాడు చుట్టిపెట్టాడు.

రెండో సమావేశం శుక్రవారం పెట్టారు. మందులకు మధ్యలో శని, ఆదివారాలే ఉన్నాయి. భార్యల నోటీసుకు వచ్చిన జవాబుల్లో ఏదీ ఖాయం కాకపోవడంతో మృత్యుంజయం వ్యవహారాన్ని ముందుకు తీసుకుపోయాడు.

"కక్షిదారు ఒక్కరేనా?" అన్నాడాయన. "ఆ బాలుడికి ఇద్దరో ముగ్గురో పుట్టవచ్చు. మొదటి బిడ్డ సమ్మతి రెండో బిడ్డను కట్టిపడేయదు. వారి ప్రయోజనాలు పరస్పర విరుద్ధం కావచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతినిధి అవసరం."

"కవలల విషయం?" అన్నాడు డైరెక్టరు, తనూ ఏదో ఒకటి చెప్పాలి గనక.

"కవలలకు ఉపసంఘం."

సునయన లేచి నిలబడింది. "సార్, సోమవారం మందులు మొదలవుతాయి. ఇన్నేళ్ళు ఎక్కించిన రక్తం వల్ల పిల్లవాడి గుండెలో ఇనుము పేరుకుంటోంది, మూలుగ ఎక్కించడం వెనక్కి జరపలేను. గొట్టం ఆదివారం పెడతాం. ఆ మత్తులోనే ఈ పని అయిపోవాలి. ఇంతకంటే నేనేమీ అడగడం లేదు."

"డాక్టర్, తొందరపాటు నియమాలకు బద్ధశత్రువు" అన్నాడు మృత్యుంజయం. "కక్షిదారు స్వయంగా హాజరై, తాను ఫలానా అని ధ్రువపరచనిదే ప్రతినిధి మాటకూ విలువ లేదని నా అభిప్రాయం."

"అంటే పుట్టాలా?" అంది సునయన.

"హాజరవ్వాలి. ఎలా అవుతారన్నది కక్షిదారు ఇష్టం."

డైరెక్టరు ప్రభంజనరావు దిక్కులు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చేయమని రాసి ఇరుక్కున్నవాళ్ళను చూశాడు, వద్దని రాసి ఇరుక్కున్నవాళ్ళనూ చూశాడు. ఏమీ రాయనివాళ్ళే డైరెక్టర్లు కావడం కూడా చూశాడు.

అప్పుడు వరహాలరావు చెయ్యెత్తాడు.

"అధ్యక్షా, న్యాయ సలహాదారు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా కక్షిదారు హాజరుకావలసిందే. అందుకు గడువు కోరుతున్నాను."

"ఎంత గడువు?" అన్నాడు మృత్యుంజయం.

"పుట్టేదాకా."

మృత్యుంజయం ముఖం వికసించింది. తన జీవితంలో ఏ వాయిదానూ కాదన్నవాడు కాదాయన. "న్యాయమైన కోరిక. వాయిదా వేయవచ్చు."

"సంతోషం. వాయిదా పడ్డ వ్యవహారంలో, వివాదంలో ఉన్న వస్తువు పాడైపోకుండా చూసే బాధ్యత కమిటీదేనాండీ?"

"నిస్సందేహంగా. తీర్పు వెలువడే వరకు వస్తువును భద్రమైన స్వాధీనంలో ఉంచాలి. అలా ఉంచకపోతే కమిటీ సభ్యులు వ్యక్తిగతంగా బాధ్యులవుతారు."

"ఆ వస్తువు ప్రస్తుతం పిల్లవాడి ఒంట్లో ఉంది. సోమవారం పాడైపోతుందని డాక్టరు గారు రాతపూర్వకంగా తెలియజేశారు. భద్రమైన చోటు కింది అంతస్తులో ఉంది. డైరెక్టరు గారు దాని పక్కన ఫొటో కూడా దిగారు."

వ్యక్తిగతంగా అన్న మాట దగ్గరే డైరెక్టరు నిటారుగా కూర్చున్నాడు. "అంటే... మనం అనుమతి ఇచ్చినట్టవుతుందా?"

"కాదండీ. అనుమతి సంగతి వాయిదాలో ఉంది. ఇది స్వాధీనం మాత్రమే."

"నేను సంతకం పెట్టేది..."

"స్వాధీనం మీద. అనుమతి మీద మీరు గాని, మీ తర్వాత వచ్చేవారు గాని, ఇరవై ఏళ్ళదాకా సంతకం పెట్టనక్కర్లేదు."

మృత్యుంజయం పైకప్పు వంక చూస్తూ ఆ వాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా కన్నం కనపడలేదు. నిర్ణయం తీసుకోకుండా ఉండడానికి ఇంత చక్కటి నిర్ణయం ఆ సంస్థ చరిత్రలో లేదు. "వివాద వస్తువును తక్షణం స్వాధీనపరచుకొనవలెను" అని ఆయనే చెప్పి రాయించాడు. డైరెక్టరు సంతకం పెట్టాడు. సునయన కాగితం తీసుకుని దాదాపు పరుగెత్తింది.

బయట వీరవేణి బెంచీ మీద కూర్చుని ఉంది. "ఒప్పుకున్నారాండి?" అంది లేస్తూ.

"లేదమ్మా" అన్నాడు వరహాలరావు. "ఒప్పుకోలేదు. కానీ జరుగుతుంది."

ఆమెకు అర్థం కాలేదు. అయినా ఆయన గొంతు విని ఏడ్చింది.

ఆదివారం గొట్టం పెట్టారు, అదే మత్తులో ఆ పనీ అయింది. సోమవారం మందులెక్కాయి. తర్వాతి రోజులు చాలా కష్టంగా గడిచాయి. నోరంతా పూసి తాతాజీ మజ్జిగ కూడా మింగలేకపోయాడు. ఒక దశలో సునయన వరుసగా మూడు రోజులు ఇంటికి వెళ్ళలేదు. వరహాలరావు రోజూ వాణ్ణి ఉంచిన గది అద్దం బయట నిలబడేవాడు. ఎవరైనా మీరేమవుతారని అడిగితే హోదా చెప్పడం మానేసి, "మా వాడే" అనేవాడు. చివరికి చెల్లెలి మూలుగ వాడి ఒంట్లో పట్టింది. వాడు కోలుకున్నాడు. రక్తం ఎక్కించాల్సిన రోజు వచ్చింది, వెళ్ళింది, ఎక్కించలేదు.

కమిటీ ఖ్యాతి మాత్రం పక్క ఆసుపత్రులకూ పాకింది. అక్కడి దంత విభాగం ఇంకా మొలవని జ్ఞానదంతాల తరఫున ప్రతినిధిని వేసుకుంది. ఎముకల విభాగం ఇంకా విరగని కాళ్ళ అభిప్రాయం తెలుసుకోవడానికి సర్వే మొదలుపెట్టింది. ఈ విప్లవాత్మక ఆలోచనకు గాను ప్రభంజనరావుకు శాలువా కప్పారు. తాతాజీ తర్వాత వచ్చిన పిల్లలందరి విషయంలోనూ కమిటీ అదే తీర్పు ఇచ్చింది. ఒక్కరికీ అనుమతి ఇవ్వలేదు, అందరి వస్తువులూ స్వాధీనం చేసుకుంది. ట్యాంకు నిండుతుంటే రెండోది తెప్పించారు.

వాయిదా పడ్డ వ్యవహారాన్ని ఏడాదికోసారి పిలవాలని నియమం. రెండో ఏడు వేసవిలో కమిటీ కూర్చుంది. అదే రోజు తాతాజీ పరీక్షలకు వచ్చి వరండాలో తల్లి పక్కన కూర్చున్నాడు. జుట్టు వత్తుగా వచ్చింది, బుగ్గలు వచ్చాయి, అరిచేతిలో బొంగరం తిరుగుతోంది. అటెండరు గుమ్మంలోకి వచ్చి, కోర్టు బంట్రోతులా గొంతెత్తి పిలిచాడు.

"తాతాజీ గారి బిడ్డ! తాతాజీ గారి బిడ్డ! తాతాజీ గారి బిడ్డ ఉన్నారా?"

వరండాలో జనమంతా తలలు తిప్పారు. లోపల వరహాలరావు వాయిదా కోరడానికి లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే బయటినుంచి జవాబు వినిపించింది.

"ఆయ్, ఇంకా రాలేదండీ! వచ్చాక నేనే తీసుకొత్తానండీ!"